ఆటల తెరపై తెలుగు అక్షరము

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ యేడు మన పాఠశాల కంప్యూటరు గదిలో జరుగుచున్న పనిని గూర్చి మీకు వివరింపవలసినదిగా సంఘమువారు మమ్ము కోరినారు. "బడిలో ఆటలేమిటి?" అని మీలో కొందరు అడిగినట్లు కూడ మాకు తెలియును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కనుక అక్కడనుండియే మొదలు పెట్టుదుము.

2006లో మన రాష్ట్రమున తమిళ అభ్యసన చట్టము వచ్చినది. 2006–07లో ఒకటవ తరగతితో ప్రారంభించి, ఏటేట పై తరగతులకు తమిళము మొదటి భాషగా నిర్బంధమైనది. తమిళము మన పిల్లలకు రావలసినదే. ఈ ఊరిలో బ్రతుకువారికి అది అన్నము పెట్టు భాష. అందు మాకు పేచీ లేదు. అయితే బడి గంటలలో తెలుగునకు దక్కు చోటు ఇరుకైన మాట నిజము. పుస్తకము మూసిన తరువాత పిల్లవాని చేతిలో ఉండునది ఫోను. ఆ ఫోనులో వాడు చూచు అక్షరములలో తెలుగు అక్షరము ఒకటైన లేనిచో, ఇంట మాట్లాడు భాషకు లిపి యున్నదని వాడు మరచిపోవును. అందుచేత మన బడిలోనే చదివి, నేడు ఇంజనీరింగు చదువుచున్న ఇద్దరు పూర్వ విద్యార్థులు వచ్చి, చిన్న తరగతులకు తెలుగు పదముల ఆట యొకటి చేసి యిత్తుమనగా మేము సంతోషముతో ఒప్పుకొంటిమి.

ఆట మన కాశిమేడు రేవును చూచి కల్పించినది. పడవ, వల, చేపలు. తెరపై భాగమున ఒక పదము కనబడును. ఒక్కొక్క చేప మీద ఒక్కొక్క అక్షరము. పిల్లవాడు పదమునకు కావలసిన చేపలను వరుస తప్పక వలలోనికి తెచ్చుకొనవలెను. ఇంతే. మూడవ తరగతి పిల్లలకు మొదటి మారు చూపినపుడు వారి కేరింతలు పై అంతస్తు వరకు వినవచ్చినవి.

అయితే తెరమీద నున్న పదము 'అమ్మ' కాదు, 'అమ్‌మ'. రెండవది 'అక్‌క'. ఒత్తులు లేవు, అక్షరముల ప్రక్కన పొల్లు గుర్తులు నిలిచి యున్నవి. ఆట చేయుటకు వారు వాడిన ఇంజను పేరు ఇచ్చట అనవసరము. ఆశ్చర్యకరమైన విషయము వేరు. పిల్లలలో ఒక్కరైనను అది తప్పని అనలేదు. తెలుగు పంతులమ్మగారు కారణము వెంటనే గ్రహించినారు. తమిళములో 'అమ్మా' అని వ్రాయునపుడు మొదటి మకారము మీద చుక్క పెట్టి, రెండవ మకారమును ప్రక్కనే వ్రాయుదురు, ఒత్తు ఉండదు. తమిళమే ఎక్కువగా వ్రాయు పిల్లవాని కంటికి 'అమ్‌మ' సహజముగానే తోచును. మరి యొక భాష పిల్లలైనచో ఇది చూచి నవ్వి ఊరకుందురు. మన పిల్లలైతే నేర్చుకొందురు. తప్పు తెలుగును ఆటతో సహా నూరిపోసినట్లగును. కనుక ఇది సరియగు వరకు ఆటను ఏ తరగతికిని చూపరాదని నిర్ణయించితిమి.

ఈ తప్పు ఎందుకు వచ్చునో తెలిసికొనుట కష్టము కాదు. 1991లో వెలువడిన యూనికోడు ఏర్పాటులో తెలుగునకు 128 గదులు గల ఒక వరుస కేటాయించినారు. అందు అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, అంకెలు ఉన్నవి. ఒత్తులకు మాత్రము విడిగా గదులు లేవు. ఒత్తు కావలెనన్నచో హల్లు, పొల్లు, మరల హల్లు అని చెప్పవలెను. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు కంప్యూటరు లోపల ఆరు గుర్తులున్నవి: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘపు గుడి. ఈ ఆరింటిని కలిపి, సకారము తలపై గుడి పెట్టి, క్రింద తవత్తు, క్రావడి అమర్చుట వేరొకరి పని.

పూర్వము ఆ పని అచ్చుకూటములో కంపోజిటరుది. చెన్నపట్టణము తెలుగు అచ్చునకు పుట్టినిల్లు వంటిది. బ్రౌను దొర నిఘంటువు 1852లో ఇచ్చటనే అచ్చయినది. వావిళ్లవారి ముద్రణము 1854లో ఇచ్చటనే మొదలైనది. 1947 జూలైలో చందమామ ఇచ్చటనే ఉదయించినది. చేతికూర్పు కాలమున కంపోజిటరు వ్రాతప్రతిలో 'స్త్రీ' అని చూచి, ఏ గడిలోని సీసపు ముక్కలు తీసి ఎట్లు పేర్చవలెనో చేతి అలవాటుతో చేసెడివాడు. కంప్యూటరులో ఆ కంపోజిటరు ఒక ప్రోగ్రాము. దానిని ఆంగ్లమున 'షేపింగ్ ఇంజన్' అందురు. మనము అక్షర సంధాత అందము.

గత మాసమున ఈ మాట చెప్పుచుండగా ఒక తల్లిగారు అడిగినారు: "సార్, నా ఫోన్లో వాట్సాప్‌లో తెలుగు చక్కగానే వస్తుంది గదా, ఈ ఆటలోనే ఎందుకు రాదు?" మంచి ప్రశ్న. ఫోనులో ఆ సంధాత ఉన్నాడు. వాట్సాప్ వంటివి అక్షరములు చూపుమని ఫోనునే అడుగును. ఆట అట్లడుగదు. సముద్రము, పడవ, చేప, నీడ, అక్షరము అన్నిటిని ఆట ఇంజను తానే క్షణమునకు అరువది మారులు గీయును. ఫోను లోపలి కంపోజిటరును పిలువదు. ఇంగ్లీషు వంటి లిపికి ఒక గుర్తునకు ఒక బొమ్మ చాలును గనుక, చాల ఇంజనులు ఆ లెక్కతోనే పుట్టినవి.

ఇక మార్గములు. మొదటిది, ప్రతి పదమును బొమ్మగా గీసి అతికించుట. నూరు పదములకు చెల్లును. వేయి పదములకు చెల్లదు. పైగా ఒక చేప మీద సగము పదము కావలెనన్న మరల గీయవలెను. రెండవది, మన డి.టి.పి. కార్యాలయములలో వాడు అనూ వంటి పాత పద్ధతి ఫాంట్లను తెచ్చుట. వానిలో ఒత్తులు విడి ముక్కలుగా, ఇంగ్లీషు అక్షరముల గదులలో కూర్చుండి యుండును గనుక ఏ ఇంజనులోనైన కనబడును. కాని లోపల నున్నది తెలుగు కాదు. అర్థము లేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. వెదకిన దొరకదు. చదివి వినిపించు యంత్రము దానిని చదువలేదు. పుస్తకము అచ్చు వేయుటకు అది మంచి పనిముట్టే. పిల్లవాని చేతి కిచ్చు ఆటకు మాత్రము మేము ఒప్పుకొనలేదు.

మూడవది, బయటివారు చేసిన సంధాతను తెచ్చి ఇంజనులో చేర్చుట. అట్టి చేర్పును ప్లగిన్ అందురు. కుట్టుమిషనుకు వేరొకరు చేసిన ఎంబ్రాయిడరీ పాదము తగిలించుకొనుట వంటిది. ఇది హీనమైన మార్గమేమియు కాదు. యూనిటీ అను ప్రసిద్ధ ఇంజనులో నేడు అక్షరములకు వాడు టెక్స్ట్‌మెష్ ప్రో మొదట బయటివారి ప్లగినే. 2017లో యూనిటీ సంస్థ దానిని తనలో కలుపుకొన్నది.

మా పిల్లలు తెచ్చిన ప్లగిన్ లోపల నున్న సంధాత పేరు హర్ఫ్‌బజ్. దీనిని చాల కాలముగ నడుపుచున్నవారు ఇరాను దేశమున పుట్టి కెనడాలో స్థిరపడిన బెహదాద్ ఎస్ఫహబోద్. 'హర్ఫ్' అనగా అక్షరము, 'బాజ్' అనగా తెరచినది. ఓపెన్‌టైప్ అను ఫాంట్ల పద్ధతి పేరునే పారసీలోనికి మార్చి సరదాగా పెట్టిన పేరు. అరబ్బీ, పారసీ మాటలు మన పేటకు క్రొత్తవి కావు. తొండి ప్రాంతము నుండి వచ్చిన గుణంగుడి మస్తాన్ సాహెబును తొండియార్ అని పిలిచినందుననే ఈ పేటకు ఈ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు గదా. ఆండ్రాయిడు ఫోనులు, క్రోము, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీసు మనకు తెలుగు చూపునది హర్ఫ్‌బజ్ సహాయముతోనే. ఎవరైనను ఉచితముగ వాడుకొనవచ్చునని దాని అనుమతి పత్రము చెప్పుచున్నది. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగును ఎన్నుకొన్నారు; అదియు స్వేచ్ఛగా పంచుకొనదగినదే. సంఘమువారి డబ్బు దీనికై ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఈ రెండు అనుమతి పత్రములను ముద్రించి మా కార్యాలయపు ఫైలులో ఉంచితిమి. ఉచితమని విన్నంత మాత్రమున కాగితము చూడకుండ దేనిని బడిలోనికి తేరాదు.

తెచ్చినంతనే అతుకుకొన్నదా? లేదు. ఇచ్చటనే అసలు పని మొదలైనది.

మొదటి చిక్కు అంకెలది. ఆట ఇంజను తనకు కావలసిన అక్షరపు బొమ్మలన్నిటిని ఒక పెద్ద పలక మీద ముందే గీసి పెట్టుకొనును. ఏ బొమ్మ ఎచ్చట నున్నదో యూనికోడు సంఖ్యతో వెదకును. కాని తవత్తునకు యూనికోడు సంఖ్య లేదని ఇందాకనే చెప్పితిమి. అది ఫాంటు లోపల ఒక వరుస సంఖ్యతో మాత్రమే ఉండును. హర్ఫ్‌బజ్ ఫాంటులోని మార్పుల పట్టికను చదివి, "ఇన్నవ బొమ్మ, దాని క్రింద ఇంత దూరమున ఇన్నవ బొమ్మ" అని ఫాంటు సంఖ్యలలో జవాబిచ్చును. ఇంజను ఆ సంఖ్యలను యూనికోడు సంఖ్యలని భ్రమపడి, ఒకనాడు తెర నిండ ఏవేవో గుర్తులు నింపినది. కనుక పలకను ఫాంటు సంఖ్యలతో వెదకునట్లు తిరిగి కట్టవలసి వచ్చినది. ప్లగిన్ కలుపుటయన్న ముఖ్యముగ ఇదియే: ఇరువురును ఒక్క సంఖ్యకు ఒక్క అర్థమే చెప్పుకొనునట్లు చేయుట.

ఆ పలక మీద బొమ్మలు గీయు పద్ధతి కూడ తెలియదగినదే. అక్షరము బొమ్మను కాక, ప్రతి చుక్కకు అక్షరపు అంచు ఎంత దూరమున నున్నదో ఆ కొలతను నిలువ చేయుదురు. 2007లో వాల్వ్ అను ఆటల సంస్థకు చెందిన క్రిస్ గ్రీన్ దీనిని ప్రకటించినారు. చిన్న పలకతోనే అక్షరము పెద్దదైనను అంచు చెదరదు. తెలుగునకు ఇది బాగుగ నప్పినది. వంపులెక్కువ గల లిపికి మామూలు బొమ్మలైనచో అంచులు మెట్లు మెట్లుగ కనబడును.

రెండవది వేగము. హర్ఫ్‌బజ్ మిక్కిలి చురుకైనదే గాని, మారని పదమును క్షణమునకు అరువది మారులు కూర్చుమనుట అవివేకము. పదము మారినప్పుడే ఒక్కసారి కూర్పించి, ఆ కూర్పును దాచుకొని, తరువాత గీయుట మాత్రమే చేయవలెను. దీనితో పాత ఫోనులలో పడవ కుంటుట తగ్గినది.

మూడవది ఎత్తు. ఇంగ్లీషు అక్షరము కొలతకు చేసిన మీట పెట్టెలలో మన 'స్త్రీ'కి క్రింది భాగము తెగిపోయినది. 'రాష్ట్రము'నకు కాళ్లు లేవు. తమిళమునకు, ఇంగ్లీషునకు చాలిన పెట్టె తెలుగునకు చాలదు. వరుసకు వరుసకు మధ్య ఎడము పెంచవలెను. ఇది ప్లగిన్ లోపము కాదు. గృహప్రవేశమునకు ముందు ద్వారబంధము ఎత్తు చూడనివాడు తరువాత తల వంచుకొని నడువవలసినదే.

నాలుగవది మాకు మిక్కిలి నచ్చిన చిక్కు. ఒక్కొక్క చేప మీద ఒక్కొక్క అక్షరమంటిమి. తెలుగువానికి అక్షరమనగా ఏది? 'స్త్రీ' ఒక్క చేప కావలెను. కంప్యూటరులో పదములను ముక్కలు చేయు పాత సూత్రము ప్రకారము అది 'స్', 'త్', 'రీ' అని మూడు చేపలగును. మన బాలవ్యాకరణము చదివినవారెవరును దీని కొప్పుకొనరు. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడు 15.1వ కూర్పులో ఈ సూత్రమును సవరించినారు: దేవనాగరి, వంగ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపులలో పొల్లుతో కలిసిన హల్లులు విడిపోరాదు. మా పిల్లల ప్లగిన్ పాత సూత్రమునే పాటించుచుండెను. వారు క్రొత్త సూత్రమును విడిగా వ్రాసి చేర్చినారు. ఇప్పుడు 'స్త్రీ' ఒక్క చేపయే.

ఐదవది ఫోనులది. హర్ఫ్‌బజ్ వంటిది ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క రూపమున కావలెను. బడిలోని విండోసు కంప్యూటర్లకు ఒకటి, ఆండ్రాయిడు ఫోనులకు వేరొకటి. ఆండ్రాయిడులోను 32 బిట్లకు ఒకటి, 64 బిట్లకు ఒకటి. ప్లే స్టోరులో పెట్టు ఆటలకు 64 బిట్ల రూపము ఉండవలెనని 2019 ఆగస్టు నుండి నియమము వచ్చినందున, ప్లగిన్ చేసినవారు ఆ రూపము మాత్రమే ఇచ్చినారు. మన యిండ్లలో నున్నవి చాలవరకు చౌక ఫోనులు, అన్నగారు వాడి తమ్మునికిచ్చినవి. 32 బిట్ల రూపమును మూలము నుండి మా పిల్లలే తయారు చేసికొన్నారు. పేద పిల్లవాని ఫోనులో తెరుచుకొనని ఆట మన బడి ఆట కాదని మేము పట్టు పట్టినందుకు వారికి రెండు వారములు పట్టినది, విసుగుకొనలేదు.

తెలుగు అక్షరము యంత్రములను ఎంత ఇబ్బంది పెట్టగలదో చెప్పుటకు ఒక సంగతి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను అక్షరమును ఒక ప్రత్యేకమైన వరుసలో కూర్చి పంపినచో, ఐఫోనులలో సందేశములు చూపు యాప్‌లు కుప్పకూలిపోయెడివి. ప్రపంచమంతట పత్రికలలో వార్త వచ్చినది. జకారము, పొల్లు, ఞకారము, తరువాత కంటికి కనబడని విడదీయు గుర్తు, పిదప దీర్ఘము. ఇదియే ఆ వరుస. ఆపిల్ సంస్థవారు ఆ ఫిబ్రవరి 19న 11.2.6 అను కూర్పును విడుదల చేసి సరిదిద్దినారు. జ్ఞానమును భరింపలేని ఫోనని అప్పట్లో కొందరు చమత్కరించినారు. మా పరీక్షా పదములలో ఆ వరుసను కూడ చేర్చితిమి.

ఇక మీరు అడుగదగిన ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు, సంధాత ముందే ఉన్న ఇంజను తీసికొనరాదా? ఉన్నవి. గోడో అను ఉచిత ఇంజను 2023 మార్చిలో వచ్చిన 4.0 కూర్పు నుండి హర్ఫ్‌బజ్‌ను తనలోనే ఉంచుకొన్నది. అన్‌రియల్‌లోను ఉన్నది. క్రొత్తగా మొదలు పెట్టువారెవరైన మమ్మడిగినచో గోడో వంటి దానితోనే మొదలు పెట్టుమందుము. మన ఆట అప్పటికే మూడు వంతులు వేరొక ఇంజనులో తయారైనది. పడవ కదలిక, వల విసరుట, ధ్వనులు అన్నియు మరల చేయవలెనన్న ఈ యేటి బడి ముగిసిపోవును. ఆ పూర్వ విద్యార్థులకు వారి పరీక్షలున్నవి. కనుక ఈ యేటికి ప్లగిన్, ఆపై ఆలోచింతము.

అయితే ఒక షరతు పెట్టితిమి. ప్లగిన్‌ను ఆటలో పలుచోట్ల గ్రుచ్చరాదు. తెలుగు పదము చూపవలసిన ప్రతి చోటును ఒకే వాకిలి గుండ పోవలెను. ఆ వాకిలి వెనుక నేడు ఈ ప్లగిన్, రేపు వేరొకటి ఉండవచ్చును. ప్లగిన్ చేసినవారు ఉచితముగ శ్రమించు ఔత్సాహికులు. వారు ఎల్లకాలము చేయుదురని మనము భరోసా పెట్టుకొనరాదు. ఇంజనువారు క్రొత్త కూర్పు తెచ్చిన దినమున పాత ప్లగిన్ పలుకకపోవచ్చును. అందుచే పని చేయుచున్న కూర్పుల సంఖ్యలు వ్రాసి పెట్టి, పరీక్షింపకుండ దేనిని మార్చరాదని చెప్పితిమి. పని చేయు ప్రతిని ఒకటి బడి కంప్యూటరులోను, ఒకటి సంఘ కార్యాలయపు బీరువాలోని డ్రైవులోను ఉంచితిమి. ఈ పిల్లలు ఉద్యోగములకు పోయిన పిమ్మట రాబోవు వారికి తెలియునట్లు, చేసిన మార్పులన్నిటిని తెలుగులోనే ఒక నోటుపుస్తకమున వ్రాయించుచున్నాము.

పరీక్షకు నలుబది పదముల పట్టిక పంతులమ్మగారు తయారు చేసినారు. అమ్మ, అక్క, తమ్ముడు, స్త్రీ, రాష్ట్రము, క్షేత్రము, జ్ఞానము, కృష్ణుడు, వాఙ్మయము, గుమ్మిడిపూండి మొదలగునవి. ఐత్వము గల పదములు వేరుగ ఉన్నవి. ఐత్వపు గుర్తులో ఒక ముక్క పైన, ఒక ముక్క క్రింద ఉండును గనుక అది తప్పిపోవుట సులభము. బడి కంప్యూటర్లలో నలుబదియు సరిగా వచ్చుచున్నవి. ఫోనులలో ఇంకను కొన్నింట 'వాఙ్మయము' మొండికేయుచున్నది.

కావున మా కోరిక ఒక్కటే. వచ్చు శనివారము ఉదయము పది గంటలకు మీ యింటిలోని పాత ఆండ్రాయిడు ఫోను, తెర పగిలినదైనను సరే, పిల్లల చేత కాక మీరే తీసికొని రండి. ఆటను అందులో వేసి, నలుబది పదములను మీ యెదుటనే చూపుదుము. మీలో తెలుగు చదువ వచ్చిన వారు పదము పదము చదివి, ఒత్తు తప్పిన చోట గీత పెట్టి ఇయ్యవలెను. చదువ రానివారు ప్రక్కవారిని అడుగుటకు మొగమాట పడవలదు. తాతగారు, అమ్మమ్మగారు వచ్చినచో మరియు మంచిది. ఫోను పేరు, దాని ఆండ్రాయిడు సంఖ్య వ్రాసికొనుటకు ఎనిమిదవ తరగతి పిల్లలు కూర్చుందురు. పదముల పట్టికను కంప్యూటరు గది తలుపు ప్రక్కన అంటించితిమి; వెళ్లునపుడు ఒక ప్రతి తీసికొని పోవచ్చును.